ఎడమచేతి పెళ్ళి: ఆర్చ్‌డ్యూక్ యోహాన్, పోస్టుమాస్టరు కూతురు అన్నా

(సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

ఆస్ట్రియాని ఏలిన హాబ్స్‌బర్గు వంశంలో పుట్టిన ఆర్చ్‌డ్యూక్ యోహాన్ కథ ఎవరు చెప్పినా ఒకటే వరస. ఒక రాజకుమారుడు, కొండల మధ్య ఊళ్ళో ఒక పోస్టుమాస్టరు కూతురు, ఇద్దరికీ ప్రేమ, ఆ అమ్మాయి కోసం సింహాసనం వదిలేశాడు. వినడానికి బాగుంటుంది. కానీ వదిలేయడానికి అసలు సింహాసనం ఆయనకెప్పుడుంది? లెక్క చూడండి. తండ్రి లియోపోల్డుకి పదహారు మంది పిల్లలు. వాళ్ళలో ఈయన పదమూడోవాడు. 1782 జనవరి 20న ఫ్లారెన్సులో పుట్టాడు, తండ్రి అప్పటికి టస్కనీ ప్రభువు. తర్వాత తండ్రి వియన్నాలో చక్రవర్తయ్యాడు, రెండేళ్ళకే పోయాడు, 1792లో పెద్దన్న ఫ్రాన్సిస్ గద్దెక్కాడు. అన్నకీ తమ్ముడికీ పద్నాలుగేళ్ళ తేడా. మధ్యలో బోలెడు మంది అన్నలు, ఆ తర్వాత అన్న కొడుకులు. ఈయన వంతు వచ్చేదెప్పుడు? వచ్చేది కాదు.

అందుకని త్యాగం అనే మాట పక్కన పెడదాం. ఈ పెళ్ళిని నేను ఒక దస్తావేజులాగా చదవమంటాను. ఎవరు సంతకం పెట్టాలి, షరతులేమిటి, ఏం పోయింది, ఏం మిగిలింది, పిల్లవాడికి ఏం వచ్చింది. అలా చదివితే ఈ మనిషి ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఎందుకు ఇల్లు మీద ఇల్లు, కొలిమి మీద కొలిమి కొనుక్కుంటూ పోయాడో అర్థమవుతుంది.

ముందు ఆయన ఆస్ట్రియా కొండల్లోకి ఎలా వచ్చి పడ్డాడో చెప్పాలి. హాబ్స్‌బర్గు ఇంట్లో మగపిల్లాడు పుడితే ఆర్చ్‌డ్యూక్ అనే బిరుదు పుట్టుకతో వస్తుంది, దాంతో పాటు సైన్యంలో పదవీ వస్తుంది. పద్దెనిమిదేళ్ళకి ఈయన్ని ఒక సైన్యానికి సేనాపతిని చేశారు. చేసి, పక్కనున్న పెద్ద అధికారి ఎలా చెబితే అలా నడుచుకోమని అన్నగారు ఆజ్ఞ ఇచ్చాడు. 1800 డిసెంబరు 3న హోహెన్‌లిండెన్ దగ్గర ఫ్రెంచివాళ్ళ చేతిలో ఆ సైన్యం చిత్తుగా ఓడిపోయింది. నిర్ణయాలు పక్కవాళ్ళవి, ఓటమి మాత్రం ఈయన పేరున పడింది.

1809లో మళ్ళీ యుద్ధం. ఇటలీ వైపు సచీలే దగ్గర గెలిచాడు, పియావే దగ్గర ఓడాడు, హంగరీలో రాబ్ దగ్గర మళ్ళీ ఓడాడు. వాగ్రాం దగ్గర అసలు పోరాటం జరుగుతుంటే ఈయన దళం చేరేసరికి అంతా అయిపోయింది. ఆలస్యం ఎవరి తప్పు అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్లాడుకుంటూనే ఉంటారు. ఆ తగువులోకి మనం వెళ్ళొద్దు.

మనకి కావలసింది టిరోల్. ఆల్ప్స్ కొండల్లోని ఈ సీమని ఆస్ట్రియా 1805లో పోగొట్టుకుంది, అది బవేరియా చేతికి పోయింది. 1809లో అక్కడి రైతులు ఆండ్రియాస్ హోఫర్ నాయకత్వంలో తిరగబడ్డారు. వాళ్ళని ముందునుంచీ ఎగదోసింది యోహాన్. తీరా యుద్ధం ఓడిపోయాక వియన్నా ప్రభుత్వం సంధి చేసుకుని రైతుల్ని వాళ్ళ ఖర్మానికి వదిలేసింది. 1810 ఫిబ్రవరిలో హోఫర్‌ని మాంటువాలో కాల్చి చంపారు. యోహాన్ ఊరుకోలేదు. టిరోల్‌లో మళ్ళీ తిరుగుబాటు లేపడానికి రహస్యంగా ఏర్పాట్లు మొదలుపెట్టాడు. 1813లో ఒకడు ఆ గుట్టు రట్టు చేశాడు. సహచరుల్ని పట్టుకుని జైల్లో వేశారు. చక్రవర్తి తమ్ముణ్ణి జైల్లో వేయరు కదా, అందుకని ఈయనకి వేరే శిక్ష: టిరోల్‌లో అడుగు పెట్టకూడదు.

సైన్యంలో పేరు పోయింది, ఇష్టమైన సీమలోకి దారి మూసుకుపోయింది. ముప్పై ఒక్కేళ్ళ మనిషి. ఏం చేస్తాడు? పక్క సీమ స్టీరియాలో స్థిరపడ్డాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. అప్పటికి ఆస్థానానికి ఈయన వల్ల కలిగే లాభం తక్కువ, కలగబోయే నష్టమూ తక్కువ. చివరికి ఆ పెళ్ళికి అనుమతి రావడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. గద్దెకి దగ్గర్లో ఉన్నవాడైతే ఆ పప్పులు ఉడికేవి కావు.

పోస్టుమాస్టరు అంటే ఎవరు?

అన్నా ప్లోఖ్ల్ 1804 జనవరి 6న ఔస్సే అనే ఊళ్ళో పుట్టింది. ఉప్పు గనుల ఊరు. చుట్టూ సరస్సులు, కొండలు. తండ్రి యాకోబ్ ప్లోఖ్ల్ అక్కడ పోస్టుమాస్టరు. పదమూడు మంది పిల్లల్లో ఈమె పెద్దది.

పోస్టుమాస్టరు అనగానే మనకి కళ్ళజోడు పెట్టుకుని స్టాంపులు అమ్మే చిరుద్యోగి గుర్తొస్తాడు. అప్పటి ఆస్ట్రియాలో అది కాదు. రైళ్ళు లేవు. ఉత్తరాలూ మనుషులూ గుర్రపు బండ్ల మీదే వెళ్ళాలి. కొంత దూరం పోయేసరికి గుర్రాలు అలిసిపోతాయి, మార్చాలి. ఆ మార్చే మజిలీ నడిపేవాడు పోస్టుమాస్టరు. అతని దగ్గర గుర్రాలుండాలి, గడ్డీ దాణా ఉండాలి, బండి నడిపేవాళ్ళుండాలి, ప్రయాణీకులకి భోజనం, పడక చూడాలి. అంటే ఊళ్ళో కాస్త కలిగిన కుటుంబం. అన్నా పేదింటి పిల్ల కాదు, ఇది గట్టిగా చెప్పాలి. ఆమెకి లేనిది డబ్బు కాదు, వంశం. రాచకుటుంబాల లెక్కలో కోటీశ్వరుడైన వ్యాపారి కూతురైనా ఒకటే, పోస్టుమాస్టరు కూతురైనా ఒకటే.

1819 ఆగస్టులో టోప్లిట్జ్ అనే సరస్సు దగ్గర యోహాన్ ఈమెని చూశాడు. ఆయనకి ముప్పై ఏడు, ఆమెకి పదిహేను. అవును, పదిహేను. ఇవాళ వింటే మనకి ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. ఈ కథని పాటల్లోకి, పంచాంగాల బొమ్మల్లోకి ఎక్కించినవాళ్ళు ఈ అంకెని మెల్లగా దాటేస్తారు. పెళ్ళి నాటికి ఆమెకి ఇరవై అయిదు. మధ్యలో గడిచిన పదేళ్ళే ఈ కథలో అసలు భాగం.

ఎందుకు పదేళ్ళు పట్టింది? హాబ్స్‌బర్గు ఇంట్లో ఎవరి పెళ్ళికైనా ఇంటి పెద్ద ఒప్పుకోవాలి. ఇంటి పెద్ద అంటే చక్రవర్తే. 1823లో యోహాన్ అన్నగారిని అడిగాడు. ఫ్రాన్సిస్ ముందు ఒప్పుకున్నట్టే ఉండి, ఆచరణ దగ్గరికి వచ్చేసరికి ఆగమన్నాడు. ఇప్పుడు ఆ అమ్మాయి పరిస్థితి ఏమిటి? ఊరందరికీ సంగతి తెలిసిపోయింది. పెళ్ళి కాలేదు, కాదనీ ఎవరూ అనలేదు. పుట్టింట్లో ఉంటే లోకులు నోళ్ళు నొక్కుకుంటారు. అతని ఇంటికి వెళితే మరీ మాట్లాడతారు. చివరికి ఆమె యోహాన్ ఇంటి పెత్తనం చూసే మనిషిగా వచ్చింది, తోడుగా మరో స్త్రీని పెట్టుకుని. వంటిల్లు, పాలేళ్ళు, పద్దులు, అతిథులు అన్నీ ఆమె చేతి మీదే నడిచాయి. అలా ఆరేళ్ళు.

ఇక్కడ ఒక మాట. ఆ కాలపు రాజకుమారులకి ఉంపుడుగత్తెలు ఉంటే ఆస్థానాలు పట్టించుకునేవి కావు. ఇల్లు కట్టించి పెట్టుకోవచ్చు, పిల్లలకి ఏదో ఒక జాగీరు రాసి ఇవ్వొచ్చు. ఎవరూ ఏమీ అనరు. పెళ్ళి చేసుకుంటానంటేనే వచ్చేది తంటా. యోహాన్ సులువైన దారి పట్టలేదు. ఆయన్ని మెచ్చుకోవాలంటే నేను మెచ్చుకునేది ఇక్కడ.

1829 ఫిబ్రవరి 18న, అర్ధరాత్రి వేళ, బ్రాండ్‌హోఫ్ అనే కొండమీది ఇంట్లోని చిన్న ప్రార్థనాగదిలో పెళ్ళి జరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు అతి కొద్దిమంది. షరతు ఏమిటంటే, బయటికి చెప్పకూడదు. 1833లో గానీ చక్రవర్తి దాన్ని బయటపెట్టనివ్వలేదు. అంటే పెళ్ళయి నాలుగేళ్ళు ఆమె భార్యగా ఉండీ లోకానికి ఇంటి మనిషిగానే ఉండిపోయింది.

దస్తావేజులో ఏముంది

ఈ రకం పెళ్ళిని యూరపులో ఎడమచేతి పెళ్ళి అనేవాళ్ళు. శాస్త్రీయంగా మోర్గనాటిక్ వివాహం. దీన్ని చాలామంది సగం పెళ్ళి అనుకుంటారు. కాదు. చర్చి దృష్టిలో ఇది నిండు పెళ్ళి. పాదిరి చేశాడు, సాక్షులున్నారు, విడిపోవడానికి వీల్లేదు, ఈమె ఉండగా ఇంకొకర్ని చేసుకోవడానికి వీల్లేదు. పుట్టే పిల్లలు ధర్మబద్ధంగా పుట్టినవాళ్ళే. తక్కువైనదల్లా రాజవంశపు కుటుంబ చట్టం దగ్గరే.

ఆ చట్టం దగ్గర ఏమవుతుంది? భార్యకి భర్త హోదా రాదు. ఆయన ఆర్చ్‌డ్యూక్ అయితే ఈమె ఆర్చ్‌డచెస్ కాదు. ఆస్థానంలో ఆయన పక్కన నిలబడే హక్కు లేదు. పిల్లలకి తండ్రి వంశనామం రాదు, బిరుదు రాదు, గద్దె మీద హక్కు రాదు. మరీ ముఖ్యమైనది, రాజవంశపు ఉమ్మడి ఆస్తిలో వాటా రాదు. యోహాన్ సొంత హోదా మాత్రం చెక్కుచెదరలేదు. చనిపోయేదాకా ఆర్చ్‌డ్యూకే. పోయినవన్నీ భార్యవీ, పుట్టబోయే పిల్లలవీ. త్యాగం ఆయనది అంటాం గానీ, బరువు పడింది వాళ్ళ మీద.

ఇలాంటిది ఆ ఇంట్లో మొదటిసారి కాదు. 1557లో ఇంకో ఆర్చ్‌డ్యూక్ ఫెర్డినాండ్, ఔగ్స్‌బుర్గ్ వర్తక కుటుంబానికి చెందిన ఫిలిపినే వెల్సర్‌ని రహస్యంగా చేసుకున్నాడు. వాళ్ళ కొడుకులకీ వారసత్వం రాలేదు. ఇక 1900లో, ఆస్ట్రియా గద్దెకి వారసుడైన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ సంగతి మీకు తెలుసు, తర్వాత సారయెవోలో చనిపోయినాయన. ఆయన భార్య సోఫీ ఖోతెక్ కౌంటెస్. గొప్పింటి పిల్లే. అయినా సరిపోలేదు. పిల్లలకి గద్దె హక్కు ఉండదని ఆయన 1900 జూన్ 28న ప్రమాణం చేయాల్సి వచ్చింది. సరిగ్గా పద్నాలుగేళ్ళకి అదే తారీఖున ఇద్దరూ తుపాకికి బలయ్యారు. కౌంటెస్‌కే ఆ గతి పడితే పోస్టుమాస్టరు కూతురు మాటేమిటి?

యోహాన్, అన్నాలకి పెళ్ళయిన పదేళ్ళకి, 1839 మార్చి 11న, ఒక్కడే కొడుకు పుట్టాడు. పేరు ఫ్రాంజ్. తండ్రికి యాభై ఏడు, తల్లికి ముప్పై అయిదు. ఇప్పుడు ఆస్తుల తారీఖులు చూడండి. 1840లో ష్టైన్ట్స్ అనే కోట కొన్నాడు. 1840ల మొదట్లో స్టీరియా రాజధాని గ్రాట్స్ నగరంలో పెద్ద భవనం కట్టించాడు. 1845లో టిరోల్‌లో మెరాన్ ఊరి పక్కన షెన్నా కోట కొన్నాడు. ఎందుకు? వంశపు ఆస్తిలో కొడుక్కి చిల్లిగవ్వ రాదు. సొంతంగా కొన్నదే వాడికి ఇవ్వగలడు. అరవై ఏళ్ళ మనిషి కోటలు కొనడం మోజు కాదు, వీలునామాకి సరుకు సమకూర్చుకోవడం అని నేను చదువుకుంటాను.

బిరుదులు కూడా అలాగే ఒక్కొక్క మెట్టూ వచ్చాయి. 1834లో అన్నాకి బ్రాండ్‌హోఫ్ పేరు మీద బారనెస్ బిరుదు ఇచ్చారు. 1840ల మధ్యలో కొడుకు కౌంట్ ఆఫ్ మెరాన్ అయ్యాడు. 1850లో తల్లి కూడా కౌంటెస్ అయింది. గమనించండి, కొడుక్కి ముందు, తల్లికి తర్వాత.

ఇక ఆయన చేసిన పనులు. ఇవి లేకపోతే ఈయన్ని ఎవరూ గుర్తుపెట్టుకునేవాళ్ళు కారు, పెళ్ళి ఒక్కటీ సరిపోయేది కాదు.

1811లో గ్రాట్స్‌లో యోహానేయుం అనే సంస్థ పెట్టాడు. తన దగ్గరున్న ఖనిజాలు, ఎండబెట్టిన మొక్కలు, పుస్తకాలు, నాణేలు, యంత్రాల నమూనాలు మొత్తం స్టీరియా ప్రజలకి రాసిచ్చేశాడు. అయితే అద్దాల బీరువాల్లో పెట్టి తాళం వేయడానికి కాదు. పాఠాలు చెప్పాలి, చదువుకునే గది ఉండాలి, అది అందరికీ తెరిచి ఉండాలి. ఆ పాఠాల నుంచే తర్వాత గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం పెరిగింది. 1812లో ఖనిజశాస్త్రం చెప్పడానికి అక్కడికి వచ్చినాయన పేరు ఫ్రీడ్రిష్ మోస్. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు, మోస్ కాఠిన్యం అని మన పిల్లలు బట్టీ పడతారే, టాల్కుకి 1, వజ్రానికి 10, ఆ మోస్ ఈయనే. పాత కడప జిల్లాలోని మంగంపేట బెరైటీస్ ఖనిజం గట్టిదనం మూడు దగ్గర ఉంటుందని మనం అంటున్నామంటే ఆ కొలబద్ద ఈయన పెట్టిందే.

ఇనుము సంగతికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే యోహాన్ బుర్ర ఎలా పనిచేసేదో అక్కడ బాగా కనబడుతుంది. స్టీరియాలో ఎర్ట్స్‌బెర్గ్ అని ఒక కొండ ఉంది. కొండంతా ఇనుప ఖనిజమే. కొండ కింది భాగం ఒక వైపు ఊరివాళ్ళది, పై భాగం ఇంకోవైపున్న ఫోర్డెర్న్‌బెర్గ్ ఊరివాళ్ళది. ఫోర్డెర్న్‌బెర్గ్‌లో పద్నాలుగు కొలుములు, పద్నాలుగు మంది యజమానులు. ప్రతి కొలిమికీ ఒక నీటి చక్రం ఉంటుంది. ఆ చక్రం తిరిగితే తిత్తులు ఆడతాయి, తిత్తులు ఆడితే మంట రేగుతుంది. ఖనిజాన్ని ముందు కాల్చాలి, ఎందుకంటే అది కార్బొనేటు, అందులోని వాయువు పోవాలి. కాల్చాక కట్టెబొగ్గుతో కలిపి కొలిమిలో కరిగిస్తారు. వచ్చిన ముడి ఇనుముని లోయ కింద ఉన్న సుత్తి కర్మాగారాల వాళ్ళకి అమ్ముతారు.

ఇందులో తప్పెక్కడ జరుగుతోంది? పద్నాలుగు మందీ కొండని ముక్కలు చేసుకుని ఎవరి ముక్క వాళ్ళు తవ్వుకునేవాళ్ళు. పక్కపక్క పొలాలవాళ్ళు ఎవరి బోరు వాళ్ళు వేసుకుని అందరి నీళ్ళూ ఎండగొట్టుకున్నట్టు. ఒకడి సొరంగం ఇంకొకడి ముక్కలోకి పోతుంది, తగువు. మంచి ఖనిజం దొరికినచోట గబగబా తవ్వేస్తారు, కష్టమైనచోట వదిలేస్తారు, పైనుంచి రాయి కూలుతుంది. కిందికి మోసుకురావడానికి ఎవరి ఖర్చు వాళ్ళది. అవతల ఇంగ్లండులో రాక్షసిబొగ్గు కోకుతో ఇనుము గుట్టలుగుట్టలుగా వస్తోంది. యోహాన్ 1815, 16లో ఇంగ్లండు వెళ్ళి ఆ ఫ్యాక్టరీలు తిరిగి చూసి వచ్చాడు, జేమ్స్ వాట్‌ని కూడా కలిశాడు. స్టీరియా కొలుములు ఇలాగే ఉంటే ఎన్నాళ్ళో నిలవవని ఆయనకి అర్థమైంది.

మరి ఆయనేం చేశాడు? ఆర్చ్‌డ్యూక్ హోదాలో హుకుం జారీ చేయొచ్చు. చేయలేదు. 1822లో తానే ఒక కొలిమి కొన్నాడు, తర్వాత ఇంకోటి కొన్నాడు. యజమానుల్లో ఒక యజమాని అయ్యాడు. వాళ్ళ సమావేశాల్లో వాళ్ళతో సమానంగా కూర్చున్నాడు. ఏడేళ్ళు నచ్చజెప్పి, 1829లో యజమానుల సంఘం ఏర్పాటు చేయించాడు. ఇక కొండని ముక్కలుగా తవ్వరు, ఉమ్మడిగా తవ్వుతారు, తవ్విన ఖనిజం కొలుములకి పంచుతారు. కిందికి దింపడానికి పట్టాల దారి వేశారు. 1829 అంటే ఏమిటి? పెళ్ళయిన సంవత్సరం. ఈ కొలిమి ఊళ్ళోని ఇంటికి కూడా యజమానురాలు అన్నాయే. రాజకుమారుడి భార్యగా ఆస్థానంలో స్థానం లేని మనిషికి కొలిమి యజమాని భార్యగా ఊళ్ళో స్థానం ఉంది. ఆ ఊళ్ళో ఎవరూ ఆమె వంశం అడగలేదు.

1840లో అదే ఊళ్ళో గనులు, లోహాల చదువు చెప్పే బడి తెరిపించాడు. పాఠాలు చెప్పడానికి పీటర్ టున్నర్ అనే యువకుణ్ణి ఎంచుకుని, ముందు యూరపంతా తిరిగి గనులూ కొలుములూ చూసి రమ్మని పంపాడు. ఆ తర్వాతే బడి. 1849లో అది లెయోబెన్ పట్టణానికి మారింది. ఇవాళ్టి లెయోబెన్ గనుల విశ్వవిద్యాలయం అదే. మెటలర్జీ చదివినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే ఆ పేరు వినే ఉంటారు.

వ్యవసాయం గురించి తొందరగా చెబుతాను. 1815లో ఇండొనేసియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది, 1816లో యూరపుకి వేసవి రాలేదు, పంటలు పోయాయి, కరువు. బంగాళాదుంప వేయమని యోహాన్ ఊరూరా ప్రచారం చేశాడు. 1819లో స్టీరియా వ్యవసాయ సంఘం పెట్టాడు, ఊళ్ళలో దాని శాఖలు పెట్టించాడు. రైతులు ఒకచోట కూర్చుని విత్తనం గురించి, ఎరువు గురించి మాట్లాడుకోవాలన్నది ఆయన ఆలోచన. బ్రాండ్‌హోఫ్ పొలం 1818లో కొన్నది. సుమారు 1,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ వేసవి చాలా చిన్నది, ధాన్యం మీద నమ్మకం పెట్టుకోలేం. కాబట్టి పశువులు, గడ్డి, కొండ మేత, వీటి మీద ప్రయోగాలు. ద్రాక్షతోట కావాలనుకున్నప్పుడు వెచ్చగా ఉండే దక్షిణానికి, ఇప్పటి స్లొవేనియాలోని మారిబోర్ దగ్గరికి వెళ్ళాడు.

1828లో పరస్పర అగ్నిప్రమాద బీమా సంస్థ. అప్పటి ఇళ్ళన్నీ చెక్క, పైకప్పు కూడా చెక్క పలకలు. ఒక ఇల్లంటుకుంటే వీధి పోతుంది, ఒక వీధి పోతే ఊరు పోతుంది. కాలిపోయినవాడికి భిక్ష తప్ప దారి లేదు. సభ్యులందరూ కొంచెం కొంచెం వేసుకుంటారు, కాలినవాడికి ఇస్తారు, లాభం తినడానికి మధ్యలో వాటాదారు ఉండడు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. ఇక వియన్నా నుంచి ట్రియెస్టె రేవుకి రైలు వేసేటప్పుడు, కొండలు తప్పించి హంగరీ మైదానం మీదుగా వేద్దామని ఒక వాదన వచ్చింది. యోహాన్ పట్టుబట్టి స్టీరియా మీదుగా వేయించాడు. 1844లో గ్రాట్స్‌కి రైలొచ్చింది. 1854లో సెమ్మెరింగ్ కనుమ దాటింది. గ్రాట్స్ నగరం పెరిగిందంటే ఆ పట్టాలే పెద్ద కారణం.

ఇప్పుడు 1848. యూరపంతా విప్లవాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్ సీమల ప్రతినిధులందరూ ఒక పార్లమెంటుగా కూర్చున్నారు. తాత్కాలికంగా ఒక అధినేత కావాలి. జూన్ 29న ఓట్లు వేశారు. 548 మందిలో 436 మంది యోహాన్‌కి వేశారు. తర్వాతివాడికి వచ్చినవి 52. ఎందుకు ఈయనే? రాజకుమారుడు కాబట్టి రాజులు ఒప్పుకుంటారు, పోస్టుమాస్టరు కూతుర్ని చేసుకున్నాడు కాబట్టి జనం ఒప్పుకుంటారు. వియన్నా నాలుగేళ్ళు దాచిపెట్టిన పెళ్ళి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో అర్హత అయి కూర్చుంది! ఇంకో కారణం కూడా ఉంది, కొంచెం తమాషా. 1842లో రైన్ ప్రాంతంలో ఒక విందులో యోహాన్ నాలుగు మాటలు మాట్లాడాడు, ఆస్ట్రియా, ఇంకో పెద్ద జర్మన్ రాజ్యమైన ప్రష్యా కలిసి ఉంటే మనకి తిరుగులేదని. పత్రికలు దాన్ని తిప్పి, ఆస్ట్రియా వద్దు ప్రష్యా వద్దు ఒకటే జర్మనీ అన్నాడని రాశాయి. ఆయన అనని మాట ఆయనకి ఓట్లు తెచ్చింది.

కానీ ఆ పదవిలో ఏముంది? సైన్యం లేదు, ఖజానా లేదు, ఉద్యోగులు లేరు. ఆగస్టులో అన్ని సీమల సైనికులూ అధినేతకి విధేయత ప్రకటించాలని ఆదేశం వెళ్ళింది. చిన్న రాజ్యాలు పాటించాయి, ప్రష్యా, ఆస్ట్రియా కుదరదన్నాయి. బలం ఉన్నది ఆ రెండింటి దగ్గరే. మరుసటి మార్చిలో పార్లమెంటు ప్రష్యా రాజుకి చక్రవర్తి కిరీటం ఇవ్వబోయింది, ఆయన పుచ్చుకోలేదు. పార్లమెంటు చెదిరిపోయింది. యోహాన్ 1849 డిసెంబరు 20 దాకా కుర్చీలో ఉండి దిగిపోయాడు. ఇది వైఫల్యమే, దీనికి మెరుగులు దిద్దక్కర్లేదు. కొలుముల ఊళ్ళో పనిచేసిన పద్ధతి ఇక్కడ ఎందుకు పనిచేయలేదంటే, అక్కడ ఆయన చేతిలో సొంత కొలిమి ఉంది, ఇక్కడ ఏమీ లేదు.

తిరిగొచ్చి ఏం చేశాడు? 1850లో ష్టైన్ట్స్ ఊరివాళ్ళు ఆయన్ని ఎన్నికలో మేయరుగా ఎన్నుకున్నారు. జర్మనీ మొత్తానికి అధినేతగా ఉన్న మనిషి మరుసటి ఏడాది ఒక చిన్న ఊరికి మేయరు. తనకి చిన్నతనంగా ఉన్నట్టు కనబడదు.

1859 మే 11న గ్రాట్స్‌లో చనిపోయాడు. హాబ్స్‌బర్గుల్లో చాలామందిని వియన్నాలో కాపుచిన్ చర్చి కింద నేలమాళిగలో పెడతారు. అక్కడ అన్నాకి చోటుండదు. ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌కీ ఇదే చిక్కొచ్చింది, అందుకే ఆయన తన సొంత కోట ఆర్ట్‌ష్టెట్టెన్‌లో సమాధి కట్టించుకున్నాడు. యోహాన్ షెన్నాని ఎంచుకున్నాడు. ఒకప్పుడు అడుగు పెట్టొద్దన్న టిరోల్‌లోనే. ఆయన పోయాక 1860 నుంచి 1869 దాకా అక్కడ సమాధి మందిరం కట్టారు. అన్నా ఇంకో ఇరవై ఆరేళ్ళు బతికింది. 1885 ఆగస్టు 4న పుట్టిన ఊరు ఔస్సేలోనే పోయింది. ఆమెనీ షెన్నాలో ఆయన పక్కనే పెట్టారు. ఫ్రాంజ్ వంశం బాగా విస్తరించింది. సంగీతం వినేవాళ్ళకి తెలిసిన నికొలౌస్ హార్నోన్‌కూర్ తల్లి వైపు నుంచి ఈ మెరాన్ కుటుంబమే.

మ్యూనిక్‌లోనో వియన్నాలోనో మీ పిల్లలు ఉద్యోగాలు చేస్తుంటే, చూడ్డానికి వెళ్ళినప్పుడు రెండు రోజులు ఇటు కేటాయించండి. గ్రాట్స్ నడిబొడ్డు చౌకులో యోహాన్ విగ్రహం ఉంది, కింద నాలుగు నదుల బొమ్మలతో. ష్టైన్ట్స్ కోట ఇప్పుడు మ్యూజియం, వేట, వ్యవసాయం మీద. అది కూడా యోహానేయుం సంస్థదే. ఫోర్డెర్న్‌బెర్గ్‌లో నాలుగో నంబరు కొలిమి అలాగే ఉంచారు, తిత్తులతో సహా చూడొచ్చు. షెన్నా ఇప్పుడు ఇటలీలో ఉంది, దానికి వేరే రోజు పెట్టుకోవాలి. కొండ ప్రాంతాల్లో చలికాలం చాలావరకు మూసేస్తారు, కాబట్టి ముందు వేళలు చూసుకుని వెళ్ళండి.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. యుద్ధాల మీద తక్కువ, కొలుముల మీద ఎక్కువ అడిగితే సంతోషిస్తాను.